హంస నవ్విన బడి

హేమకంబళ రాజ్యానికి ఉత్తరాన మంచు తలపాగాలు చుట్టుకున్న కొండలు, దక్షిణాన వెండి జరీ అంచులా మెరిసే సముద్రం, నడుమ ఏడు ప్రాకారాల రాజధాని. ఆ రాజధానిలో కోశాగారం. దానికి ఎన్నో గదులు. యుద్ధకోశం తలుపు సేనాపతి గట్టిగా దగ్గితే తెరుచుకునేది. వసంతమండపాల కోశానికి తలుపే లేదు, గాలి ఆడటంలేదని తీసేశారు. విద్యాకోశానికి మాత్రం వజ్రపు తలుపు. దానికి తాళంచెవి లేదు. కంచుహంస కంటి నుంచి కన్నీటి చుక్క నేల రాలితేనే అది తెరుచుకునేది.

ఈ కట్టడి చిత్రభాను మహారాజుగారి తాతగారు చేశారు. ఏటా జ్యేష్ఠమాసం చివరి రోజున, వానలు దిగబోయే ముందు, మంత్రాల కంచుహంస రాజ్యమంతా ఎగిరి బళ్ళన్నీ చూస్తుంది. ఏ బడిని చూసి దానికి ఏడుపొస్తుందో ఆ ఊరికి కొత్త బడి మంజూరు. ఏడాదికి ఒక్క చుక్క. అదీ పొద్దు గుంకేలోగా రాలాలి. రాలకపోతే ఆ ఏటి ధనమంతా వసంతమండపాలకు వెళ్ళిపోతుంది. అక్కడ ఎప్పుడూ ఏదో ఒక మరమ్మతు ఉంటుంది.

వినడానికి బాగానే ఉంది. కాని కొన్నేళ్ళుగా ఆ చుక్క మధురపురిలోనే రాలుతోంది. మధురపురి రత్నాల వర్తకుల పట్నం. అక్కడ పిల్లలకన్నా బళ్ళే ఎక్కువ. మిగిలిపోయిన ఒక బడిలో చిలకలకు పాఠాలు చెబుతున్నారు.

ఇదేమిటో కనిపెట్టాలని యువరాజు హేమాంగదుడు మారువేషం వేశాడు. కిరీటం తీసి పాత గుడ్డ చుట్టుకున్నాడు. సున్నం అమ్ముకునేవాడిలా ఒక గాడిదను తోలుకుంటూ, దాని వీపున ఒక సున్నపు గోతం, తన భుజాన ఒక సున్నపు సంచి వేసుకుని, గుండ్లవలస అనే కొండపల్లెకు వచ్చాడు. తన గుర్రం నీలవేగాన్ని ఊరి బయట తుప్పల్లో కట్టేశాడు. ఎక్కడికి వెళుతున్నాడో తల్లికి చెప్పలేదు. ఏమీ తినకుండా బయలుదేరాడు. ఆ తుప్పల్లో పాములుంటాయని కూడా చూసుకోలేదు.

గుండ్లవలస బడి ఒక మట్టిగోడల పెంకుటిల్లు. పైకప్పు బరువంతా ఒక్క దూలం మీద ఉంది. ఆ దూలాన్ని లోపలంతా చెదలు తినేసి పైన బెరడు మిగిల్చాయి. మొదటి పెద్ద వానకు అది విరుగుతుందని ఊరందరికీ తెలుసు. దాని కిందే ఊరి పిల్లలంతా కూర్చుని అక్షరాలు దిద్దుకుంటున్నారు. బడిపంతులు విరూపాక్షయ్య అయితే పైకి చూడటం ఎప్పుడో మానేశాడు.

యువరాజు ఊళ్ళో అడుగుపెట్టేసరికి బడి ముందు ఆడవాళ్ళు గుంపుగా ఉన్నారు. వాళ్ళకు పెద్దదిక్కు గవరమ్మ. ఆమె ఆఖరి కూతురు నూకాలు ఆ బడిలోనే చదువుతోంది.

"ఓ సున్నమబ్బీ! ఇటు రా. ఆ గోతం దింపెయ్," అని కేకేసింది గవరమ్మ.

"ఏం పని పెట్టుకున్నావమ్మా?"

"ఏం పనేంటి? ఇయ్యాల హంస వస్తంది గదా. బడికి సున్నం ఎయ్యొద్దూ?"

హేమాంగదుడు గోతం మీద చెయ్యి వేసి ఆపాడు.

"సున్నం వేస్తే బాగుంటుంది కదమ్మా!" అన్నాడు.

"బాగుండాలనే గదా ఏసేది! నీ సరుకు నువ్వే వద్దంటావేంటి?"

పక్కనున్న ఒకావిడ కిసుక్కున నవ్వింది. "యాపారం ఇష్టం లేనోడు గాడిదనెందుకు ఏడిపిస్తన్నాడో అడగవే అక్కా."

"అది కాదమ్మా. బాగుంటే హంస ఏడవదు. ఏడవకపోతే కొత్త బడి రాదు. ఉన్నది ఉన్నట్టు వదిలేయండి."

గవరమ్మ కుంచె పట్టుకునే వెనక్కి తిరిగింది. "ఇదిగో అబ్బీ. మా ఊరికి రాజుగారి తాలూకు ఎవరో వస్తా ఉంటే, పెంట పెంటగా పెట్టుకుని చూపిచ్చమంటావా? మా పిల్లలు చదూకునే చోటు చూసి ఎక్కడిదో పిట్ట వచ్చి ఏడవాలా? మాకు పరువు లేదూ?"

"పరువు మాట కాదు, ఆ దూలం..."

"దూలం కనపడకుండా నా పెళ్ళిచీర కట్టిచ్చాలే. కనకాంబరం రంగు. లోపలికొచ్చి చూడు, ఎంత బాగుందో."

ఈలోగా ఆడవాళ్ళు గోతం దింపుకుని గోడలకు సున్నం పూయడం మొదలుపెట్టారు. అతను లోపలికి వెళ్ళి చూశాడు. నిజంగానే బాగుంది. దూలం పొడవునా కనకాంబరం రంగు చీర, గోడల బీటల మీద పసుపు పువ్వుల దండలు, గుమ్మానికి మామిడి తోరణం, వాకిట్లో పద్మాల ముగ్గు. బీటల్లోంచి పురుగూ పుట్రా వస్తాయని ఆ పువ్వులు చూస్తే ఎవరికీ తోచదు. యువరాజు తాను ఎవరో చెప్పేద్దామా అనుకున్నాడు. చెబితే ఈ వార్త మధురపురికి ముందే చేరుతుంది. చెప్పకపోతే సున్నం ఆరిపోతుంది. అతను ఆలోచిస్తూ ఉండగానే ఆకాశం బంగారుగా మారింది.

కంచుహంస వచ్చింది. దాని రెక్కలు విప్పితే కోటతలుపులంత ఉన్నాయి. ఒక్కొక్క ఈక మీద ఒక్కొక్క అక్షరం చెక్కి ఉంది. కళ్ళు కెంపులు, ముక్కు పగడం. అది వాలితే గాలికి గాడిద చెవులు వెనక్కి వాలిపోయాయి. హంస గుమ్మంలోంచి మెడ చాచి లోపల నలుమూలలా చూసింది. ఆడవాళ్ళు హారతి ఇచ్చారు. పిల్లలు శుభ్రంగా దువ్విన తలలతో చేతులు కట్టుకుని నిలబడ్డారు.

హంస నవ్వింది.

"దైన్యము కానరాదు. మిగుల రమ్యముగా నున్నది. గ్రామస్థులు ప్రశంసనీయులు," అని పలికి మధురపురి దిక్కుగా ఎగిరిపోయింది.

"నవ్విందే! మన బడి చూసి నవ్విందే!" అని గవరమ్మ కుంచె గాల్లోకి ఎగరేసింది. డప్పులు మోగాయి. బడి వచ్చినట్టేనని విరూపాక్షయ్య పంతులు కూడా నమ్మాడు. "ఇక బుద్ధిగా కూర్చుని చదువుకోండి," అని పిల్లలందరినీ మళ్ళీ దూలం కిందకు పంపాడు.

ఆ డప్పుల్లో యువరాజు అరుపు ఎవరికీ వినపడలేదు. అతను తుప్పల్లోకి పరిగెత్తి నీలవేగం మీదికి ఎగిరి కూర్చున్నాడు. గాడిదను ఎవరో ఒకరు చూసుకుంటారనుకున్నాడు. భుజాన సున్నపు సంచి అలాగే ఉండిపోయింది.

గుర్రం పరిగెత్తింది. రాళ్ళు ఎగిరాయి, చెట్లు వెనక్కి పారిపోయాయి. దారిలో నక్రావతీ నది అడ్డు వచ్చింది. దాని మీద వంతెన తాతగారి కాలంలోనే మంజూరైంది, ఇంకా కట్టలేదు. నీళ్ళ నిండా మొసళ్ళు నోళ్ళు తెరుచుకుని, అటువైపు వెళ్ళే ప్రజలకు అలవాటుపడి, ఎదురుచూస్తున్నాయి. హేమాంగదుడు గుర్రాన్ని అదిలించాడు. నీలవేగం ఒక మొసలి వీపు మీద కాలు మోపి, రెండో దాని తల మీద మోపి, ఆవలి ఒడ్డుకు దూకింది. జారి ఉంటే ఏమయ్యేదో ఆ ఇద్దరికీ పట్టలేదు.

అవతల మధురపురి. చలువరాతి వీధులు, పగలే వెలిగే రత్నదీపాలు, పన్నీటి కాలువలు. ఆ పట్నం మధ్యన ఒక బడి మాత్రం శ్మశానంలా ఉంది. కప్పుకు పెద్ద కంత. గోడల్లోంచి రావిమొక్కలు మొలిచాయి. కంతలోంచి గబ్బిలాలు వేలాడుతున్నాయి. దాని ముందు చిరిగిన బట్టలతో పిల్లలు బారులు తీరి దీనంగా మూలుగుతున్నారు. వాళ్ళలో ఒకడు మరిచిపోయి, "నా విసనకర్రవాడేడీ?" అని అడిగాడు. వెనక ఎవరో వాడి నోరు మూశారు.

బడి మెట్ల మీద ధూమ్రకేశుడనే మాంత్రికుడు నిలబడి ఉన్నాడు. అతని జుట్టే పొగ. తల ఆడించినప్పుడల్లా ఆ పొగ పోయి గోడల మీద కొత్త బీటలై కూర్చుంటోంది. కంచుహంస అతని ఎదుటే వాలి ఉంది. దాని కెంపుకన్నులో నీటిబొట్టు నిండుగా ఊరి, రాలడానికి సిద్ధంగా వణుకుతోంది.

హేమాంగదుడు గుర్రం మీదే నిలబడి భుజాన ఉన్న సంచి విప్పి, సున్నమంతా గాలిలోకి విసిరాడు. కళ్ళలో పడితే చూపు పోతుంది కాబట్టి "కళ్ళు మూసుకోండి!" అని అరిచి మరీ విసిరాడు. సున్నం బడి మీద కురిసింది. కంత ఉన్నచోట కిందికి పడాలి కదా. పడలేదు. గాలిలోనే తెల్లగా నిలిచిపోయింది. కనపడని కప్పు మీద సున్నం పేరుకుని, నున్నని గోపురం, దాని చుట్టూ చెక్కిన నెమళ్ళు, ఒకటొకటిగా తేలాయి.

హంస కంట్లో నీటిబొట్టు లోపలికి వెళ్ళిపోయింది.

"మోసం!" అన్నాడు హేమాంగదుడు.

ధూమ్రకేశుడు ఏమీ కంగారు పడలేదు. "మోసమేముంది నాయనా? తాతగారి శాసనంలో 'దైన్యము కనబడవలెను' అని ఉంది. 'ఉండవలెను' అని లేదు. కనబడేట్టు చేయడం నా వృత్తి. ఈ పట్నంవాళ్ళు ముందుగా వచ్చి అడిగారు, చేసిపెట్టాను. మీ పల్లెవాళ్ళు వచ్చి అడిగితే వాళ్ళకూ చేసేవాణ్ణి."

"వాళ్ళకు నువ్వు చెయ్యక్కర్లేదు. అక్కడ ఉంది!"

"మరి కనపడలేదే?" అని తల విదిలించాడు.

పొగలోంచి పెద్దపులి దూకింది. హేమాంగదుడు పక్కకు దూకాడు. పొగ పామైంది. అతను మెట్లెక్కాడు. పాము పాశమైంది. అతను స్తంభం పట్టుకుని గిర్రున తిరిగి, పాశం తనకు చుట్టుకునేలోగా, హంస వీపు మీదికి ఎగిరాడు.

"నేను చిత్రభాను మహారాజు కొడుకును! గుండ్లవలస బడిని ఇంకొకసారి చూడు!"

హంస మెడ తిప్పి అతన్ని తేరిపార చూసింది. "అటులనా. ఒడలంతయు సున్నము. ముఖలక్షణములు మాత్రము సరిపోవుచున్నవి. రాజపుత్రుడు కోరిన పునర్దర్శనము ఒక పర్యాయము కలదు. కాని ఆ గ్రామము రమ్యముగా నుండెను గదా?"

"చీర వెనక చూడలేదు నువ్వు!"

"చీరలను తొలగించి చూచు అధికారము నాకు లేదు."

హంస ఎగిరింది. అంత ఎత్తున పట్టుకోవడానికి మెడ తప్ప ఏమీ లేదు. కంచు ఈకలు చల్లగా చెమర్చి జారుతున్నాయి. పడమట సూర్యుడు కొండ మీదికి దిగాడు. తూర్పున నల్లటి మబ్బు గుండ్లవలస మీదికి వస్తోంది. వాళ్ళు ఊరు చేరేసరికి మొదటి చినుకులు పడ్డాయి, వెంటనే కుండపోత. పిల్లలు లోపలే ఉన్నారు. తడిస్తే జ్వరాలొస్తాయని పంతులు తలుపులు కూడా వేయించాడు.

పటపటమని శబ్దం వచ్చింది. కనకాంబరం చీర మధ్యలో ఉబ్బింది.

హంస ఇంకా నేలకు దిగకముందే హేమాంగదుడు దూకాడు. తలుపు తన్ని లోపలికి పోయి, విరుగుతున్న దూలం కింద భుజం పెట్టాడు. కప్పు బరువంతా అతని మీదికి వచ్చింది. మోకాళ్ళు వంగాయి. మళ్ళీ లేచాయి.

"పిల్లల్ని బయటికి పంపండి!"

పిల్లలు అతని కాళ్ళ పక్కనుంచి, చేతుల కిందనుంచి బయటికి ఉరికారు. నూకాలు పలక మరిచిపోయానని వెనక్కి వస్తుంటే గవరమ్మ రెక్క పట్టి ఈడ్చింది. ఆ తల్లి లోపలికి చూసింది. ఇందాక దండలు కట్టిన గోడల మీద వాననీళ్ళకు సున్నం పాలలా కారిపోతోంది. బీటలు ఒకటొకటి బయటపడుతున్నాయి.

హంస వాకిట్లో నిలబడి, "చీర అడ్డముగా నున్నది," అంది.

పడమట సూర్యుడు సగం మునిగాడు.

"గవరమ్మా! చీర లాగెయ్!" అని అరిచాడు హేమాంగదుడు.

ఆమె గుమ్మంలో నిలబడిపోయింది. ఊరి ఆడవాళ్ళందరూ చూస్తున్నారు. గవరమ్మ చెంగు నడుముకు బిగించి, ఒక్క గుంజుతో తన పెళ్ళిచీర కిందికి లాగింది. దానితోపాటు చెదపుట్ట మట్టి, పుచ్చిన చెక్క, తేలు ఒకటి రాలాయి.

"చూడు తల్లీ, చూడు! ఇదీ మా బడి! దీని కిందే కూకోబెడతన్నాం మా పిల్లల్ని! ఏడిస్తే ఏడువు!" అని హంస ముందు నేల మీద కూలబడి తనే ముందు ఏడ్చింది.

హంస దూలాన్ని చూసింది. దాని కింద వరసగా పరిచి ఉన్న చిన్నచిన్న చాపలు చూసింది. కెంపుకన్ను నిండింది. సూర్యుడి ఆఖరి అంచు మునుగుతుండగా చుక్క రాలింది. రాజధానిలో వజ్రపు తలుపు తెరుచుకున్న ధ్వని ఉరుములా ఇక్కడికి వినపడింది.

"మంజూరైనది," అంది హంస.

ఊరంతా కేకలు వేసింది.

"పునాది వచ్చే జ్యేష్ఠమున. అంతవరకు పాత బడి నిలిచియుండవలెను."

కేకలు ఆగాయి.

"నిలవకపోతే?" అన్నాడు యువరాజు దూలం కిందనుంచి.

"పాత బడి పడిపోయిన ఊరు బడి లేని ఊరగును. బడి లేని ఊరికి బడి కట్టు నిబంధన లేదు. నేను బళ్ళను మాత్రమే చూచెదను."

"మరి ఏడాదిపాటు దీన్ని ఎవరు నిలబెడతారు?"

"ప్రస్తుతము నిలబెట్టుచున్నవారే," అని హంస రెక్కలు దులుపుకుని రాజధానికి వెళ్ళిపోయింది.

వాన పెరిగింది. పిల్లల్ని ఎవరి ఇళ్ళకు వాళ్ళను తీసుకువెళ్ళి తలలు తుడవమని గవరమ్మ ముసలివాళ్ళకు పురమాయించింది. అప్పుడే వాకిట్లో పొగ కమ్మింది. అందులోంచి ధూమ్రకేశుడు వచ్చి గడప మీద నిలబడ్డాడు.

"ఇబ్బంది విన్నాను. సాయం చేద్దామని వచ్చాను," అన్నాడు. "నాకు స్తంభన విద్య కూడా తెలుసు. మనిషిని రాతిస్తంభం చేస్తాను. ఇందాక చేద్దామనుకున్నాను యువరాజా, నువ్వు ఒక్కచోట నిలబడవే! కదిలేవాళ్ళ మీద అది పనిచేయదు. ఇప్పుడు చక్కగా నిలబడ్డావు. నువ్వు రాయివైతే దూలం పడదు, ఊరికి బడి వస్తుంది. వచ్చే ఏడు మధురపురిలో నాకు అడ్డు ఉండదు. అందరికీ మేలే."

మంత్రం మొదలుపెట్టాడు. హేమాంగదుడి పాదాలు చల్లబడ్డాయి. కాలివేళ్ళు నల్లరాయి అయ్యాయి. అతను భుజం తీయలేదు. తీస్తే బడి లేదు.

గుంపులోంచి ఒకాయన గొణిగాడు: "రాయైతే చెదపట్టదు కూడా."

"నోరు ముయ్యరా!" అని గవరమ్మ అతని మీద పడింది. "ఒక తల్లి కన్న బిడ్డరా! ఆయమ్మ ఎక్కడ కూకుని ఎదురు చూస్తందో! రండే, అందరూ రండి!"

ఆడవాళ్ళు లోపలికి దూరి, దూలానికి అటూ ఇటూ భుజాలు పెట్టారు. ధూమ్రకేశుడు మెచ్చుకోలుగా తల ఊపాడు. "ఇంకా మంచిది. ఇప్పుడు చాలా స్తంభాలు."

గవరమ్మ మడమలు కూడా చల్లబడసాగాయి. ఆమె కిందికి చూసింది. వాననీరు చేరి నేలంతా బురదైంది.

"నిలబడకండే! తొక్కండి! గోడలకు మట్టి తొక్కినట్టు తొక్కండి!"

దూలం మోస్తూనే అందరూ ధనాధన తొక్కడం మొదలెట్టారు. మడమల చల్లదనం పోయింది. కాని హేమాంగదుడి మోకాళ్ళ దాకా అప్పటికే రాయి. అతను తొక్కలేడు. గవరమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు అతని నడుము పట్టుకుని అటూ ఇటూ ఊపారు. మోకాళ్ళ దగ్గర రాయి ఎక్కడం ఆగింది.

ధూమ్రకేశుడు మంత్రం ఆపకుండానే గడప మీద చతికిలపడ్డాడు. మంత్రం మధ్యలో ఊపిరి తీసుకుంటూ, "ఊపండి. ఎంతసేపు ఊపుతారో చూస్తాను. ఏడాది ఉంది," అన్నాడు.

"పిల్లల్ని కన్నోళ్ళం నాయనా. మాకు ఊపడం కొత్తా?" అంది గవరమ్మ. "నువ్వే నిద్రపోకుండా చూసుకో."

ఆమె సన్నగా జోలపాట ఎత్తుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు. తొక్కుడుకు, ఊపుకు, పాటకు ఒకటే లయ కుదిరింది. బయట వాన కూడా ఆ లయకే పడుతోంది. ధూమ్రకేశుడి మంత్రంలో ఒక అక్షరం జారింది. రెండోసారి ఇంకొకటి జారింది. పొగజుట్టు ముఖం మీదికి వాలింది. అతను నోరు పెద్దగా తెరిచి ఆవులించాడు.

హేమాంగదుడి కాలి బొటనవేలు కదిలింది.

రాయి వదులుతున్న కొద్దీ, అతని భుజం మీది దూలం కూడా కదిలింది.